రోడ్డు బాగుంటేనే బిల్లు - బాగుందని చెప్పేదెవరు?

కొత్త తారురోడ్డు మీద మొదటి వానలకే గుంటలు పడితే ఊళ్ళో వాళ్ళు సర్పంచిని నిలదీస్తారు. అది పంచాయతీ పని కాదని ఆయన తప్పుకుంటాడు. నిజానికి ఆ గుంట ఎవరు పూడ్చాలో కాంట్రాక్టు కాగితంలోనే రాసి వుంటుంది. ఆ సంగతి ఊరికి తెలియకపోవడమే అసలు చిక్కు.

2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసే రోడ్డును, పూర్తయిన నాటినుంచి 5 సంవత్సరాలపాటు వేసిన కాంట్రాక్టరే చూసుకోవాలి. నిర్మాణలోపం బయటపడితే తన ఖర్చుతోనే సరిచేయాలి. గుంటలు పూడ్చడం, అంచులకు మట్టి పోయించడం, తూముల్లో పూడిక తీయించడం, ముళ్ళకంప కొట్టించడం వంటి మామూలు పనులకు ఏటా వేరే సొమ్ము ముడుతుంది.

పూర్వం చేసిన పనిని కొలిచి, ఎం.బుక్కులో ఎక్కించి బిల్లు రాసేవారు. గుంటలు ఎన్ని ఎక్కువైతే బిల్లు అంత పెద్దదయ్యేది! ఇప్పుడు లెక్క మారింది. ఎంత పని చేశారన్నది కాదు, రోడ్డు ఎలా వుందన్నదే చూస్తారు. ఇంజనీరు రోడ్డు మీదికి వచ్చి, తీసిన చోటు కూడా నమోదయ్యే ఫోటోలతో 'ఈ-మార్గ్' అనే కంప్యూటరు పద్ధతిలో రోడ్డు స్థితిని ఎక్కించాలి. దాన్నిబట్టే చెల్లింపు.

పద్ధతి మంచిదే. అయితే ఇక్కడ సొమ్మంతా సమాచారం మీదే నడుస్తుంది. బాగున్న చోటే ఫోటో తీస్తే రోడ్డంతా బాగున్నట్టే. ఎండాకాలంలో చూసి వెళితే, వానాకాలంలో తూము పొంగిన సంగతి లెక్కకు ఎక్కదు. ఇంజనీరు చూసేది ఏ ఒక్కరోజో. బడిపిల్లలు, పాలు పోసేవాళ్ళు, ధాన్యం ట్రాక్టరు తోలేవాళ్ళు చూసేది రోజూ. రోజూ చూసేవారి మాట కాగితం మీదికి రాకపోతే ఈ పద్ధతి సగమే పనిచేస్తుంది.

అందుకు దారులు లేకపోలేదు. రోడ్డు పక్కన నాటిన బోర్డు మీద కాంట్రాక్టరు పేరు, పని పూర్తయిన తేదీ వుండాలి. ఆ తేదీయే కీలకం. అయిదేళ్ళ గడువు ఎప్పుడు తీరుతుందో దాన్నిబట్టే తెలుస్తుంది. ఫోటోతో ఫిర్యాదు పంపడానికి 'మేరీ సడక్' యాప్ వుంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. కాగితాల నకళ్ళే కాదు, పనిని స్వయంగా పరిశీలించే హక్కు, వాడిన సరుకు నమూనా తీసుకునే హక్కు కూడా ఆ చట్టం ఇచ్చింది.

గడువు తీరిందంటే కాంట్రాక్టరు బాధ్యత తీరినట్టే. ఆపైన రాష్ట్ర ప్రభుత్వ నిధుల కోసం ఎదురుచూపులే. కనుక గుంట ఎక్కడ పడిందో, ఏ రోజున చూశారో గ్రామసభలో రాయించి, నకలు పంచాయతీరాజ్ ఇంజనీరుకు పంపడం మేలు. రాతలో లేని గుంట బిల్లుకు అడ్డురాదు. దానిలో పడి లేచేది మాత్రం ఊరివాళ్ళే.