మునిరాజు తెలుగు నవ్వులాట కాదు

ఈసారి వార్షికోత్సవానికి మన పదో తరగతి వాళ్ళు ఒక ఊహాచిత్రం తయారు చేస్తున్న సంగతి బడిలో అందరికీ తెలుసు. నిజంగా సినిమా తీసే డబ్బు మన దగ్గర లేదు కాబట్టి చార్టుల మీద బొమ్మలు, మైకులో గొంతులు. పేరు 'టీఆర్పీ పిల్లలు'. నవ్వించే కార్టూన్ కథ. నలుగురు కుర్రవాళ్ళు డిగ్రీ కాగానే హైదరాబాదులో ఒక టీవీ ఛానల్‌కి ఆరు నెలలు ఇంటర్న్‌లుగా, అంటే పని నేర్చుకోడానికి, పోతారు. అక్కడ వాళ్ళు పడే పాట్లే కథ. ఆలోచన చాలా బాగుంది. దాంతో నాకు పేచీ లేదు. ఆ నలుగురిలో ఒకడైన మునిరాజుని పెట్టి మనం చేయబోతున్న పనితోనే నా పేచీ.

మునిరాజుది హోసూరు పక్క పల్లె. వాడు కథలో ఉన్నది దేనికంటే నవ్వించడానికి. వాడు నోరు తెరిస్తే చాలు, మిగతా ముగ్గురూ పగలబడి నవ్వాలి. "అంగడికి పోయొస్తా" అంటే నవ్వు. "ఈ తావ కసువుంది, ఊడ్చాల" అంటే నవ్వు. "ఎనుము" అంటే ఇంకా పెద్ద నవ్వు. వాడు మాట్లాడినప్పుడల్లా బొమ్మ కింద 'అసలు తెలుగు'లో అర్థం రాసి చూపించాలట. ఆ మునిరాజుకి గొంతు ఇవ్వమని నన్నే అడిగారు. ఎందుకంటే మాది డెంకణికోట వైపు పల్లె, నా యాస కామెడీకి సరిగ్గా అతుకుతుందట. నేను ఇవ్వనన్నాను. కోపంతో అన్నానని కొందరు అనుకుంటున్నారు. కోపం ఉంది, కాదనను. కానీ కోపంతో పాటు కారణాలు కూడా ఉన్నాయి. అవి ఇవీ.

మొదటిది, మునిరాజు మాట్లాడేది తప్పు తెలుగు కాదు. మనం రాసుకున్న సంభాషణలే చూడండి. వాడు "అంగడి" అన్నప్పుడు కింద 'అసలు తెలుగు'లో ఏమని రాశారు? "షాప్" అని. షాప్ ఎప్పటి నుంచి అసలు తెలుగయింది? అంగడి తెలుగులో ఉంది, కన్నడంలో ఉంది, తమిళంలో ఉంది. మూడు భాషలూ అక్కచెల్లెళ్ళని సాంఘిక శాస్త్రంలో చదువుకుంటాం గదా, ఆ చుట్టరికానికి సాక్ష్యం ఇలాంటి మాటలే. ఎనుము కూడా అంతే. కన్నడంలో ఎమ్మె, తమిళంలో ఎరుమై. 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువులో అంగడీ ఉంది, ఎనుమూ ఉంది. గేదె, బర్రె, ఎనుము మూడూ తెలుగే. ఒక ఊరివాళ్ళు ఒకటంటారు, ఇంకో ఊరివాళ్ళు ఇంకోటంటారు. ఇందులో నవ్వాల్సింది ఏముంది? ఇంగ్లీషు మాట పలికినవాడు తెలుగు మాట పలికినవాణ్ణి చూసి నవ్వుతున్నాడంటే, నిజానికి నవ్వు ఎవరి మీద రావాల?

రెండోది, ఈ నవ్వు మనం కనిపెట్టింది కాదు. సినిమాల నుంచి తెచ్చుకున్నాం. చాలా ఏళ్ళు తెలుగు సినిమాల్లో హీరో ఒక తెలుగు మాట్లాడేవాడు, విలన్ సీమ తెలుగు మాట్లాడేవాడు, పనివాడూ వంటవాడూ తెలంగాణ తెలుగో శ్రీకాకుళం తెలుగో మాట్లాడి నవ్వించేవాళ్ళు. ఇప్పుడు ఆ గాలి మారింది. 2017లో వచ్చిన ఫిదాలో హీరోయిన్ తెలంగాణ తెలుగులో మాట్లాడింది. 2021లో పుష్ప సినిమా హీరో చిత్తూరు వైపు తెలుగు మాట్లాడాడు. 2023లో బలగం సినిమా మొత్తం పల్లె తెలంగాణలో నడిచింది. జనం విరగబడి చూశారు. పుష్ప వచ్చినప్పుడు మన బడిలోనే ఆ డైలాగులు చెప్పనివాడు లేడు. చిత్తూరు తెలుగుకీ మా తెలుగుకీ ఎంత దూరం? గట్టు దాటితే కుప్పమే గదా. హీరో మాట్లాడితే స్టైలు, మునిరాజు మాట్లాడితే కామెడీ. అంటే మనం నవ్వేది మాటను చూసి కాదు. మాట్లాడేవాడు ఎవడో చూసి. పెద్ద సినిమాలే విడిచిపెడుతున్న పాత అలవాటుని మనం చార్టుల మీద మళ్ళీ మొదలుపెట్టడం ఏం బాగుంటుంది?

"ఇది కార్టూన్, నవ్వులేకపోతే ఎవరు చూస్తారు?" అని మా తరగతి మిత్రులు అడుగుతున్నారు. నవ్వు వద్దని నేనెక్కడన్నాను? టీవీ ఛానల్‌లో నవ్వడానికి కరువా! చిన్న గొడవకి కూడా ఎర్రక్షరాలతో 'బ్రేకింగ్ న్యూస్' వేస్తారు, పొద్దున వేసింది సాయంత్రం దాకా బ్రేకవుతానే ఉంటుంది. చర్చ అంటూ ఎనిమిది పెట్టెల్లో ఎనిమిది మొహాలు పెట్టి అందరూ ఒక్కసారే అరుస్తారు. కొన్ని ఇళ్ళలో మాత్రం మీటర్లు పెట్టి, ఊరూవాడా ఏం చూసిందో లెక్క చెప్పేస్తారు. ఆ లెక్క కోసం గురువారం వచ్చిందంటే పెద్దపెద్ద ఆఫీసర్లకు చెమటలు. కార్టూన్‌లో ఏదైనా చేయవచ్చు. అరిచేకొద్దీ యాంకర్ తల బెలూన్‌లా ఉబ్బి పెట్టె పగిలిపోవచ్చు. టీఆర్పీ మీటర్‌కి కాళ్ళొచ్చి ఛానల్ యజమానిని తరమవచ్చు. ఇంత సరుకు ఎదురుగా ఉంటే మనం పోయి పోయి మునిరాజు నోటి మీద పడ్డాం. బలమున్నవాణ్ణి చూసి నవ్వితే దాన్ని హాస్యం అంటారు. బలంలేనివాణ్ణి చూసి నవ్వితే దానికి ఎగతాళి అని వేరే పేరుంది.

అన్నిటికన్నా పెద్ద జోకు ఒకటుంది, మన కథలో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. తెలుగు ఛానళ్ళలో వాతావరణం చెప్పేటప్పుడు వెనక మ్యాప్ చూశారా? ఆంధ్ర, తెలంగాణ ఉంటాయి. ఆ గీత దాటితే తెల్లకాగితమే. హోసూరు లేదు, బళ్ళారి లేదు, బరంపురం లేదు, షోలాపూర్ లేదు. అక్కడ తెలుగువాళ్ళు లేరా? మా వైపు రాగి చేలల్లో ఏనుగులు పడితే మా అవ్వ రాత్రంతా నిద్రపోదు. ఆ వార్త తమిళ ఛానల్‌లో వస్తే నేను తెలుగులో చెప్పి వినిపించాల. తెలుగు ఛానల్‌లో వచ్చిన రోజు నేనైతే చూళ్ళేదు. మునిరాజు ఆ స్టూడియోలో నిలబడి "సార్, మా ఊరు ఏ తావ ఉంది?" అని అడిగితే, మ్యాప్ పెట్టినాయన గోడ మీద వెతికి, నేల మీద వెతికి, చివరికి బల్ల కింద వెతికితే, నాకు అంతకన్నా నవ్వొచ్చే సీను కనబడలేదు. అప్పుడు నవ్వు మునిరాజు మీద పడదు, మ్యాప్ మీద పడుతుంది.

ఇక మూడో సంగతి జీతం. మన కథలో ఇంటర్న్‌లు పగలంతా టీలు మోస్తారు, రాత్రంతా కింద పరిగెత్తే స్క్రోలింగ్ టైపు చేస్తారు. నెలాఖరుకి మేనేజర్ "అనుభవమే మీ జీతం" అని చప్పట్లు కొడతాడు. ఇక్కడ కూడా మనం నవ్వి ముందుకు పోతున్నాం. కొంచెం ఆగండి. మా అన్న ఐటీఐ ఫిట్టర్ చదివి సిప్‌కాట్‌లో ఒక ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా ఉన్నాడు. నెలనెలా స్టైపెండ్ వస్తుంది. అది యజమాని దయ కాదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ఇవ్వాలని చెప్తుంది. బోల్టు బిగించడం నేర్చుకునేవాడికి చట్టముంది. ఇంటర్న్ అనే పేరుతో పోయినవాడికి ఇస్తే ఇచ్చినట్టు, లేకపోతే లేదు.

ఈ రెండు విషయాలకీ ముడి ఉంది, అదే నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది. హోసూరు నుంచి హైదరాబాదు దాదాపు ఆరు వందల కిలోమీటర్లు. జీతం లేకుండా ఆరు నెలలు అక్కడ గది తీసుకుని, తిని, ఉండగలిగేది ఎవరు? అక్కడే ఇల్లున్నవాళ్ళు, లేదా ఇంటి నుంచి డబ్బు పంపగలిగినవాళ్ళు. మా పల్లె పిల్లలు ఉండలేరు. ఒకవేళ కష్టపడి పోయినా, నోరు తెరిస్తే నవ్వుతారని భయపడి మూలన కూచుంటారు. అప్పుడు ఆ స్టూడియోలో మా ఊరి పేరు తెలిసినవాడు ఒక్కడూ మిగలడు. మ్యాప్‌లో మా ఊరు ఎట్లా వస్తుంది? డబ్బులేక సగంమంది, నవ్వుకి జడిసి సగంమంది ఆగిపోతారు. ఇంత జరుగుతుంటే ఆ నవ్వుకి మనమే మైకు పట్టుకోవడం న్యాయమా?

"మనల్ని చూసి మనం నవ్వుకుంటే తప్పేంటి?" అని ఒకరు అడిగారు. మంచి ప్రశ్నే. ఇంట్లో మేమూ నవ్వుకుంటాం. నేను తమిళం కలిపి మాట్లాడితే మా అవ్వ "నీది బస్‌స్టాండు తెలుగు" అంటుంది. అది ఇంటి నవ్వు. ఆ తర్వాత ఆమే సంగటి వేసి పెడుతుంది. వార్షికోత్సవం ఇంటి వాకిలి కాదు. వేరే ఊళ్ళ నుంచి పెద్దలొస్తారు. ఒకటో తరగతి పిల్లలు ముందు వరసలో కూచుంటారు. వాళ్ళల్లో సగంమంది ఇంట్లో ఎనుము అనే అంటారు. ఆ మాటకి హాలంతా నవ్వితే ఆ పిల్ల మర్నాటి నుంచి ఆ మాట అంటుందా? 2006 చట్టం తర్వాత ఈ రాష్ట్రంలో అందరూ తమిళం తప్పనిసరిగా చదవాలి. చదువుతున్నాం, మంచిదే. ఇంగ్లీషు ఎటూ తప్పదు. తెలుగుకి మిగిలింది ఈ బడి, ఇల్లు. ఈ రెండు తావుల్లో కూడా మన తెలుగు సిగ్గుపడితే ఇంక ఎక్కడికి పోవాల? పరీక్షలో గ్రంథం తెలుగు రాయాలని గురువులు చెప్తారు, రాస్తాం. కానీ మునిరాజు పరీక్ష రాయడం లేదు, మాట్లాడుతున్నాడు.

ఛోటా భీమ్ తయారయ్యేది హైదరాబాదులోనే. అయినా మనం టీవీలో వినేది డబ్బింగ్ తెలుగు. అది ఏ ఊరి తెలుగో ఎవరూ చెప్పలేరు. నిజమైన కార్టూన్ సినిమాలో ఒక్క సెకనుకి 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మని రెండు ఫ్రేములకి వాడుకున్నా సెకనుకి 12 బొమ్మలు. గంటన్నర సినిమాకి లెక్కవేస్తే 64,800 బొమ్మలు. అంత ఖర్చు పెట్టేవాళ్ళు మార్కెట్‌కి భయపడ్డారంటే అర్థముంది. మనది ఊహాచిత్రం. పైసా ఖర్చు లేదు. ఊహలో తీసే సినిమాకి కూడా భయమెందుకు?

అందుకని మా తరగతి మిత్రుల్ని నేను అడిగేది మూడే. మునిరాజు మాటల కింద అర్థాలు తీసేయండి, వాడి తెలుగు అందరికీ అర్థమవుతుంది. మ్యాప్ సీను పెట్టండి. నెలాఖరు సీనులో నలుగురూ కలిసి మేనేజర్ బల్ల ముందు నిలబడి "మా స్టైపెండ్ ఎక్కడ?" అని అడిగేట్టు రాయండి. ఆ ప్రశ్న మునిరాజు నోటితోనే రావాల. ఈ మూడూ ఒప్పుకుంటే రేపే వచ్చి గొంతు ఇస్తా. ఒప్పుకోకపోతే ఇంకొకరిని వెతుక్కోండి. కానీ వాళ్ళు కూడా ఈ బడి పిల్లలే గదా, ఇంటికి పోయి వాళ్ళు ఎనుము అంటారో గేదె అంటారో ముందు కనుక్కోండి.