బట్ట పేరున్న నత్త

పోయిన నెల పాత మగ్గాల మీద రాసింది చదివి ఇద్దరు ముగ్గురు నన్ను చౌకులో ఆపి మాట్లాడిన్రు. సంతోషం. ఈ నెల కూడా నేత సంగతే, కాకపోతే సముద్రంలోది. షోలాపూర్‌లో కూర్చొని ఈ ముసలాయనకు సముద్రం సంగతి ఎందుకని నవ్వకండి. సెలవులకు పిల్లలను తీసుకొని సముద్రం కాడికి పోయేటోళ్లకు ఇది అక్కరకొస్తది.

మా వీధిలో వాళ్లు రామేశ్వరం పోయి వచ్చిన్రు. ప్రసాదంతో పాటు మా మనవరాలికి ఒక గుల్ల తెచ్చి ఇచ్చిన్రు. ఐస్‌క్రీం కోన్ లాగ ఒక దిక్కు వెడల్పు, ఒక దిక్కు సన్నం. నా బొటనవేలి కంటే కొంచెం పొడుగు. పిల్ల తెచ్చి నా చేతిలో పెట్టింది. కళ్లద్దాలు పెట్టుకొని చూసిన. తెల్లగా చిన్న చిన్న త్రికోణాలు, ఒకదాని మీద ఒకటి. వాటి చుట్టూ గోధుమ రంగు గీత. నడుమ నడుమ పసుపు పట్టీలు, వాటిలో అలల తీరు సన్న గీతలు. ముప్పై ఏళ్లు చాదర్లు నేసిన మనిషిని, డిజైన్ కనపడితే రిపీట్ ఎక్కడుందని నా కళ్లు వెతుకుతయి. ఎంత తిప్పి చూసినా రిపీట్ దొరకలేదు.

పిల్ల తొమ్మిదో తరగతి. బడికి తీసుకపోయి టీచరమ్మను అడిగి వచ్చింది. "తాతా, దీని పేరు కోనస్ టెక్స్‌టైల్ అంట, మన టెక్స్‌టైలే!" అని నవ్వింది. ఆ పేరు పెట్టింది స్వీడన్ దేశపు లిన్నేయస్ అనే పండితుడు, 1758లో. లాటిన్ భాషలో టెక్స్‌టైల్ అంటే నేసిన బట్ట. అంటే ఆయనకు కూడా చూడంగనే బట్టే గుర్తుకొచ్చిందన్నట్టు.

ఇది ఎట్ల తయారైతదో పిల్ల చదివి చెప్తుంటే నాకు మిల్లే కళ్ల ముందు కదిలింది. గుల్ల అంచు కాడ నత్త మెత్తటి ఒళ్లు ఉంటది. ఆ ఒంటి అంచే గుల్లకు కొత్త వరుస వేస్తది. ఒక వరుస అయినంక ఇంకో వరుస, మగ్గం మీద పేక తర్వాత పేక పడ్డట్టు. ఎక్కడ రంగు వెయ్యాలె, ఎక్కడ ఆపాలె అనేది ముందు పడ్డ వరుసను బట్టి ఉంటదంట. శాస్త్రం చదివినోళ్లు ఆ లెక్క పట్టుకొని కంప్యూటర్ మీద ఇట్లాంటి డిజైన్లే తెప్పించిన్రు. జాకార్డు అట్టలు లేవు, డిజైన్ మాస్టర్ లేడు. ముందటి వరుస చూసుకుంట తర్వాతి వరుస, అంతే.

ఇక్కడిదాక చెప్పి పిల్ల అన్నది, "తాతా, ఇది బతికున్నప్పుడు ముట్టుకుంటే మనిషి చచ్చిపోవచ్చు" అని. నేను నమ్మలేదు. నత్త ఏం చేస్తది, ఉప్పు వేస్తే కరిగిపోతది కదా అన్న. పుస్తకం తెచ్చి చూపెట్టింది.

ఈ కోన్ నత్తల్లో ఎనిమిది వందల పైన రకాలున్నయి. ఎక్కువ వేడి సముద్రాల్లో ఉంటయి. మన దిక్కు మన్నార్ సింధుశాఖలో, లక్షదీవుల కాడ, అండమాన్ కాడ కూడా ఉన్నయి. అన్నీ వేటాడి తినేవే. కొన్ని పురుగులను, కొన్ని వేరే నత్తలను, కొన్ని చేపలను తింటయి. మన టెక్స్‌టైల్ తినేది వేరే నత్తలను. నడక చూస్తే నత్త నడకే, మరి పారిపోయే చేపను ఎట్ల పడ్తది? దాని కోర సూదిలాగ ఉంటది, లోపల బోలు, కొసకు గాలం ముల్లు తీరు. కొత్త కోరలు ఒక సంచిలో తయారుగ ఉంటయి, ఆటో లూమ్ బ్యాటరీలో కండెలు నింపి పెట్టినట్టు. తొండం కొసకు ఒకటి ఎక్కించుకొని రెప్పపాటులో పొడుస్తది. ఆ బోలులో నుంచి విషం ఎక్కుతది. చేప అక్కడికక్కడే బిగుసుకపోతది. ఒకసారి వాడిన కోర మళ్లీ పనికి రాదు, సంచిలో నుంచి ఇంకోటి వస్తది.

అది చదివినప్పుడు నాకు నాడె యాదికొచ్చింది. నేను మిల్లులో చేరిన మొదటి ఏడు. రాత్రి పాళి. పక్క మగ్గం మీద నుంచి నాడె ఎగిరొచ్చి, మా జోడీలో పని చేసే అన్న కన్నుకు తగిలింది. ఆయన తప్పేం లేదు. నాడెను ఆపే జాలీ విరిగి పదిహేను రోజులైంది, చెప్పినా పెట్టలేదు. కన్ను పోయింది. నాలుగు నెలల పగారు ఇచ్చి ఇంటికి పంపిన్రు. తర్వాత ఆయన కూరగాయల బండి పెట్టుకున్నడు. దారిలో కనపడితే ఒక్క మాటే అంటుండె, "తమ్మీ, నడిచే మగ్గాన్ని నమ్మకు" అని.

మనుషులను ఎక్కువ చంపింది జియోగ్రఫీ కోన్ అనే చేపలు తినే రకం. ఇప్పటిదాక కోన్ నత్తల వల్ల ముప్పైకి పైన చావులు లెక్కకెక్కినయి. రాతలో ఉన్న మొదటి చావుల్లో ఒకటి ఇండోనేషియాలో బండా దీవుల కాడ. రంఫియస్ అనే ఆయన పుస్తకం 1705లో అచ్చయింది, అందులో ఉన్నది. ఒక బానిస ఆడమనిషి, వల లాగుకుంట దొరికిన నత్తను చేతిలో పట్టుకున్నది. చేయి కొంచెం దురద పెట్టినట్టయి, అది పైకెక్కి, ప్రాణం పోయింది. పేరు కూడా ఎవరూ రాసి పెట్టలేదు. పని చేసుకుంట చచ్చిపోయిన మనిషి అని మాత్రం మనకు తెలుసు.

అందుకే అమ్మలకు, అయ్యలకు ఒక మాట. దుకాణంలో అమ్మేది ఖాళీ గుల్ల, దానితో భయం లేదు. నీళ్లలో, ఇసుకలో, రాళ్ల సందుల్లో కోన్ తీరు గుల్ల కనపడితే చేతితో తియ్యొద్దు, జేబులో వేసుకోవద్దు. వెడల్పు దిక్కు పట్టుకుంటే ఏం కాదనుకోవద్దు, తొండం అక్కడిదాక చాపగలదు. ఒకవేళ పొడిస్తే నొప్పి లేదని ఊరుకోవద్దు. తిమ్మిరి, చూపు మసక, మాట తడబాటు, ఆఖరికి ఊపిరి ఆడకపోవుడు, ఇట్ల వరుసగా వస్తది. కోసుడు, నోటితో పీల్చుడు చెయ్యకండి. ఆ చేయి కదలకుండ కట్టి, ఆగకుండ పెద్ద దవాఖానకు తీసుకపోండి. దీనికి విరుగుడు మందు లేదు. కాని విషం దిగేదాక మిషన్ మీద ఊపిరి నడిపిస్తే మనిషి బతుకుతడు.

ఇంకో సంగతి ఉన్నది. అది ఫిలిప్పీన్స్ దేశపు బల్డొమెరో ఒలివేరా అనే శాస్త్రవేత్తది. అమెరికాలో చదివి సొంత దేశానికి వచ్చినడు. అక్కడ పెద్ద మిషన్లు లేవు. ఉన్నదానితో ఏం చేయొచ్చని చూసి, తమ ఒడ్డున దొరికే ఈ నత్తల విషం మీద పని మొదలుపెట్టిండు. తర్వాత అమెరికాలో ఆయన దగ్గర పని చేసిన ఒక కాలేజీ కుర్రాడు, మైకేల్ మెకింతోష్, ఆ విషంలో నుంచి ఒక ముక్కను విడదీసిండు. దాని నుంచే జికోనొటైడ్ అనే నొప్పి మందు వచ్చింది. 2004లో అమెరికాలో ఒప్పుకున్నరు. మాత్ర కాదది, వెన్నులోకి చిన్న పంపుతో ఎక్కిస్తరు. వేరే ఏ మందుకూ తగ్గని నొప్పికి మాత్రమే ఇస్తరు.

మా ఇంటామె ఆఖరి మూడు నెలలు నొప్పి అంటే ఏందో నాకు చూపెట్టి పోయింది. రాత్రులు ఆమె మూలుగు వినుకుంట కూర్చున్న. అందుకే ఈ సంగతి పిల్ల చదువుతుంటే కొంచెం సేపు నాకు మాట రాలేదు. చంపే దానిలో నుంచే నొప్పి తగ్గించే మందు తీసిన్రు. మిషన్లు లేని కాడ, ఒడ్డున దొరికిన నత్తతో మొదలైన పని అది.

ఆ గుల్ల ఇప్పుడు మా గూట్లో నా పాత నాడె పక్కన ఉన్నది. ఇంటికొచ్చిన పిల్లలు రెండూ చూస్తరు. నేను చెప్పేది ఒక్కటే. బిడ్డా, నేత మంచిగున్నదని చేయి పెట్టకు. ముందు దాని పని ఏందో తెలుసుకో.