మూడు రోజుల మంచం

"మళ్లీ వచ్చావా?" మణికట్టుకి కట్టుతో వచ్చిన నా స్నేహితురాలికి వార్డులో దొరికిన మొదటి పలకరింపు ఇది. మూడో రోజు డిశ్చార్జి. కాగితాలు ఆమెకి కాదు, ఎవరితో గొడవై వచ్చిందో ఆ భర్త చేతికిచ్చారు. రోగం పేరు బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్.

మూడు రోజులేనా అని కాదు నా పేచీ. నెలల తరబడి ఉంచితే ఏమవుతుందో మార్షా లినెహన్‌కి తెలుసు. 1961లో, పదిహేడేళ్లప్పుడు, అమెరికాలో హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రిలో చేరి రెండేళ్లకు పైగా గడిపింది. తర్వాత సైకాలజిస్టయి, ఈ రోగులకోసమే డయలెక్టికల్ బిహేవియర్ థెరపీని రూపొందించింది. తన కథ మాత్రం 2011 దాకా బయటపెట్టలేదు.

తక్కువ రోజులు మేలే. కానీ ఎన్నాళ్లో, ఎందుకో ఆమెతో మాట్లాడి నిర్ణయించిన రోజులు వేరు. "నాటకాలు, పంపించెయ్యండి" అని విసుక్కున్న రోజులు వేరు. రెండోది వైద్యం కాదు, గెంటివేత. 'తగని కోపం' అని లక్షణాల పట్టికలో రాసుకున్నవాళ్లు, ఆ కోపం రగిలిన ఇంటికే ఆమెని అప్పజెప్పడమేమిటి?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ప్రతినిధిని ఆమే ఎంచుకోవచ్చు, తెల్లకాగితం మీద సంతకం చాలు. డిశ్చార్జి తర్వాతి వైద్యం గురించి ఆమెని సంప్రదించాలి. వార్డులో ఎవరూ ఆ మాటెత్తలేదు. డాక్టరేట్ ఉందిగానీ, నాకూ అప్పటికి తెలీదు. ఇప్పుడా కాగితం మీద నా పేరుంది.