అతుకు ఎంతవరకు?

పాతదానిని పారవేయక బాగుచేయించి వాడుకొనడం మన ఇండ్లలో తరతరాలుగా వస్తున్న మంచి అలవాటు. చిరిగిన దుప్పటికి అతుకు వేస్తాము. చిల్లుపడిన బిందెకు మాటు వేయిస్తాము. తెగిన చెప్పును కుట్టించుకొంటాము. కనుకనే టైరులో మేకు దిగిందనగానే మన నోట వచ్చే తొలిమాట "పంక్చరు వేయిద్దాం" అన్నదే. ఈ పొదుపును తక్కువచేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు. అయితే ప్రతి అతుకుకు ఒక పరిధి ఉంటుంది. ఆ పరిధిని నిర్ణయించేది అతుకు వేసిన చేతి నేర్పు ఒక్కటే కాదు, ఆ వస్తువుతో మనం చేయించదలచిన పని కూడ. ట్రాక్ డే టైరు విషయంలో ఈ సత్యం మిక్కిలి స్పష్టంగా కనిపిస్తుంది.

ట్రాక్ డే అంటే పందెం కాదు. ఎవరి కారును, ఎవరి మోటారు సైకిలును వారు పందేలు జరిగే వలయమార్గానికి తీసుకొనిపోయి, నిర్వాహకుల పర్యవేక్షణలో, ఎదురువచ్చే వాహనాల బెడద లేకుండ వేగంగా నడుపుకొనే రోజు. మన దేశంలో ఇందుకు తగిన స్థలాలు కొద్దిగానే ఉన్నాయి. చెన్నై సమీపాన ఇరుంగాట్టుకోట్టైలో 1990లో ప్రారంభమైనది ఒకటి. కోయంబత్తూరు దగ్గరి కరి మోటార్ స్పీడ్‌వే ఒకటి. 2011 నుండి 2013 వరకు ఫార్ములా వన్ పందేలు జరిగిన గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్ మరొకటి. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ విద్యుత్ కార్ల పందెం జరిగినప్పుడు ఈ క్రీడ మన గుమ్మం దాకా వచ్చింది. వాహనాలపై మక్కువ గల మన విద్యార్థులకు చెన్నై దూరమైన ఊరేమీ కాదు. ఇంటినుండి నడుపుకొంటూ వెళ్ళిన టైర్లతోనే వలయంలో దిగి, వాటితోనే తిరిగివచ్చేవారు చాలమంది. మేకు దిగేది ఎక్కువగా దారిలో. టైరుకు పరీక్ష జరిగేది వలయంలో. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

టైరు పైకి ఒకే రబ్బరు ముద్దవలె కనిపించినా లోపల అది పొరల కట్టడం. నేలను తాకే ట్రెడ్డు, దాని కింద ఉక్కుతీగల పట్టీలు, వాటి కింద దారాల అల్లిక, అన్నిటికంటె లోపల గాలిని పట్టి ఉంచే పలుచని పొర. మేకు వీటన్నిటినీ ఛేదించుకొని పోతుంది. బయటినుండి రబ్బరు పట్టీ ఒకటి దూర్చి, గాలి నిలవగానే పని పూర్తి అయిందనుకొంటాము. గాలి నిలిచిన మాట నిజమే. కాని తెగిన తీగ తిరిగి కలుసుకోలేదు. ఆ రంధ్రం వెంట నీరు చేరితే ఉక్కుకు తుప్పు పట్టక మానదు.

అందుచేతనే అమెరికాలోని టైరు తయారీదారుల సంఘం కొన్ని నియమాలు పెట్టింది. టైరును రిమ్ము నుండి ఊడదీసి లోపలి భాగాన్ని పరీక్షించనిదే మరమ్మతు చేయరాదు. రంధ్రం ట్రెడ్డు భాగంలోనే ఉండాలి. దాని వెడల్పు 6 మిల్లీమీటర్లు మించరాదు. భుజంలో గాని పక్కగోడలో గాని ఉంటే మరమ్మతు పనికిరాదు. రంధ్రాన్ని నింపే కాడ, లోపలి పొరను మూసే ప్యాచీ రెండూ కలిసి ఉండాలి. మన షాపులలో మష్రూమ్ ప్యాచ్ అని పిలిచేది ఇదే. బ్రిటిషు ప్రమాణం కూడ చిన్న మరమ్మతును ట్రెడ్డు మధ్యనున్న సుమారు ముప్పాతిక భాగానికి మాత్రమే పరిమితం చేసింది. రంధ్రం ఎంత చిన్నదైనా, గాలి తగ్గిన టైరుపై కొంతదూరం నడిపి ఉంటే పక్కగోడ లోలోపల నలిగిపోతుంది. లోపల రబ్బరు పొడి రాలి ఉండడం, చుట్టూ ముడతలు పడడం దానికి గుర్తులు. టైరును ఊడదీయనిదే ఇవి కనిపించవు.

ఇంతవరకు చెప్పినది మామూలు రోడ్డుపై తిరిగే టైరుకు చాలిన నియమం. ఇక వేగం సంగతి చూద్దాము. తిరిగే వస్తువును బయటికి లాగే బలం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుందని భౌతికశాస్త్ర విద్యార్థులకు తెలుసు. చక్రపు వ్యాసార్ధం 30 సెంటీమీటర్లు, రంధ్రంలో నింపిన రబ్బరు బరువు 5 గ్రాములు అనుకొందాము. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఆ రబ్బరును బయటికి లాగే బలం సుమారు అరకిలో బరువుకు సమానం. 180 కిలోమీటర్ల వేగంలో అది 4 కిలోలను దాటుతుంది. వేగం మూడింతలైతే లాగుడు తొమ్మిదింతలైనదన్నమాట. పైగా ఆ వేగంలో ఆ చోటు సెకనుకు దాదాపు 26 సార్లు నేలను తాకి అణగి, మళ్ళీ లేస్తుంది.

దీనికి వేడి తోడవుతుంది. వలయంలో గట్టి బ్రేకు, మలుపు, మళ్ళీ వేగం. టైరుకు విశ్రాంతి లేదు. ట్రెడ్డు ఉష్ణోగ్రత 80, 90 డిగ్రీలను అందుకొనడం అక్కడ మామూలే. మలుపులో బరువు ఎక్కువగా బయటివైపు టైర్లమీద, అందులోను వాటి భుజాలమీద పడుతుంది. పక్కగోడపై హెచ్ అన్న అక్షరం ఉంటే ఆ టైరు గంటకు 210 కిలోమీటర్లకు, వి అని ఉంటే 240 కిలోమీటర్లకు తగినదని అర్థం. ఒకసారి మరమ్మతు చేసిన టైరుకు ఆ వేగపరిమితి ఇక వర్తించదని కొన్ని కంపెనీలు చెబుతాయి. కంపెనీయే వెనుకకు తీసుకొన్న హామీని మనం ఏ ధైర్యంతో మనకు మనమే ఇచ్చుకొంటాము?

టైరు యోగ్యత అది తిరిగే మార్గాన్ని బట్టి మారుతుందనుటకు 2005 జూన్ 19న అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో జరిగిన ఫార్ములా వన్ పందెం గొప్ప నిదర్శనం. అంతకు రెండు రోజుల ముందు సాధన సమయంలో రాల్ఫ్ షూమాకర్ కారు టైరు విఫలమై గోడను ఢీకొన్నది. ఏటవాలుగా కట్టిన పదమూడవ మలుపు వేగాన్ని తన టైర్లు భద్రంగా తట్టుకొంటాయని హామీ ఇవ్వలేమని మిషెలిన్ కంపెనీ బహిరంగంగా ఒప్పుకొన్నది. పందెం నాడు 20 కార్లలో ఆ కంపెనీ టైర్లు గల 14 కార్లు సన్నాహపు చుట్టు ముగియగానే వైదొలగాయి. ఆరు మాత్రమే పరుగెత్తాయి. ప్రేక్షకులు ఆగ్రహించారు. కంపెనీ టిక్కెట్ల సొమ్ము తిరిగి చెల్లించవలసి వచ్చింది. ఆ టైర్లకు మేకు దిగలేదు. అవి పాతవీ కావు. ఒక్క మలుపు వాటి పరిధిని దాటింది, అంతే. పరువుకంటె ప్రాణం మిన్న అని ఆనాడు తీసుకొన్న నిర్ణయాన్ని నేను ఓటమిగా భావించను.

దీనికి ఎదురువాదం లేకపోలేదు. ట్రెడ్డు నడుమ సన్నని మేకు దిగిన టైరును పద్ధతిగా బాగుచేయించి వలయంలో నడిపినవారు ఉన్నారనీ, వారికి ఏ ప్రమాదమూ జరగలేదనీ అంటారు. కావచ్చును. కాని ప్రమాదం జరగకపోవడం వేరు, జరగదని తెలిసి ఉండడం వేరు. రోడ్డుపై మెల్లగా గాలి దిగితే బండిని పక్కకు తీసి ఆపుతాము. పొడవైన దారి చివర పూర్తి వేగంలో బ్రేకు వేసే క్షణాన గాలి దిగితే ఆ అవకాశం ఉండదు. వెనుక వచ్చేవాని ప్రాణం కూడ మన ఐదు గ్రాముల రబ్బరుపై ఆధారపడి ఉంటుంది. మోటారు సైకిలు విషయం మరింత కఠినం. దానికి ఉన్నవే రెండు చక్రాలు. మలుపులో అది వాలేది టైరు భుజం మీదనే.

ఖర్చు సంగతి కూడ నిజాయితీగా లెక్కవేయాలి. ముప్పాతిక వంతు అరిగిన టైరును మార్చినప్పుడు మనం కోల్పోయేది దాని పూర్తి ధర కాదు, మిగిలిన పాతిక వంతే. మరొకవైపు, ఒకే ఇరుసుపై ఒక కొత్త టైరు, ఒక అరిగిన టైరు ఉంటే పట్టు సమానంగా ఉండదు గనుక జతగా మార్చవలసి రావచ్చును. ఆ భారాన్నీ ముందే లెక్కలో చేర్చుకోవాలి. అయితే మార్చడమంటే పారవేయడం కానక్కరలేదు. రంధ్రం ట్రెడ్డు నడుమ ఉండి, లోపలి భాగం చెడకుండ ఉంటే, మష్రూమ్ ప్యాచ్ వేయించి ఆ టైరును ఊరిలో మామూలు వేగానికి వాడుకోవచ్చును. మన పెద్దల పొదుపుకు ఇందువలన భంగం లేదు.

కనుక నా అభిప్రాయం ఇది. వలయంలో నడపదలచిన టైరుకు పంక్చరయితే దానిని మార్చడమే నియమం కావాలి. ఈ నిర్ణయం ఇంటి దగ్గరే, తీరికగా, టైరును ఊడదీయించి చూచిన తరువాత తీసుకోవాలి. రుసుము చెల్లించి, అంతదూరం ప్రయాణం చేసి, మిత్రులు చుట్టూ నిలిచి ఉత్సాహపరుస్తున్నప్పుడు వివేకం మాట వినిపించదు. పంక్చరు షాపులో పనిచేసే మనిషికి కూడ ఈ బండి ఎక్కడికి పోతున్నదో చెప్పాలి. చెప్పనిదే అతనికి తెలియదు. "ఇది పనికిరాదు" అని అతడు అన్నాడంటే తన కూలిని తానే వదులుకొంటున్నాడని గుర్తించి, ఆ మాటను గౌరవించాలి.

కళాశాల సంఘం పెద్దలకు ఒక మనవి. ఇదే సూత్రం మన కళాశాల బస్సుకూ వర్తిస్తుంది. దాని వేగం తక్కువైనా అది మోసే బరువు మన పిల్లలు. బస్సు టైర్లను నెలకొకసారి తెలిసినవారిచేత పరీక్ష చేయించి, ఆ వివరాలు ఒక పుస్తకంలో వ్రాయించే ఏర్పాటు చేస్తే బాగుంటుంది. ఇక విద్యార్థి మిత్రులారా! వేగాన్ని ప్రేమించడం తప్పు కాదు. ఆ వేగాన్ని మోసే నాలుగంగుళాల రబ్బరును గురించి తెలుసుకొనకుండ ప్రేమించడమే తప్పు.