మారేడుపల్లిలో రాక్షసబల్లులు

పూర్వం సెలవులొస్తే పిల్లలు గోళీలో, బిళ్ళంగోడో ఆడుకునేవారు. మా మనవడు సికింద్రాబాదులో, మారేడుపల్లి ఇంట్లో కూర్చుని రాక్షసబల్లులకు ఒక పెద్ద పార్కు నడుపుతున్నాడు. కంప్యూటరు ఆట లెండి. పేరు జురాసిక్ వరల్డ్ ఎవల్యూషన్. మొదటిది 2018లో వచ్చింది. 2021లో వచ్చిన రెండోదానిలో నీళ్ళలో ఈదేవీ, గాలిలో ఎగిరేవీ చేరాయి. 2025 నాటి మూడోదానిలో వాటికి పిల్లలు కూడా పుడుతున్నాయి. కంచెలు వెయ్యాలి, మేత చూడాలి, చూడవచ్చిన జనానికి హోటళ్ళూ, వాహనాలూ అమర్చాలి. కంచె తెగిందా, ఇహ ఆ జనమే మేత!

"కొత్తవి వచ్చాయి బామ్మా, కొనిపెట్టవూ?" అంటాడు అప్పుడప్పుడూ. కొత్త జంతువులను తోటకూర కట్టల్లా విడిగా కట్టలు కట్టి అమ్ముతారట!

ముచ్చటగానే ఉంది. కాని నాకొక్కటే దిగులు. అమెరికా రాక్షసబల్లుల పేర్లు వాడికి ఎక్కాల్లా వచ్చు. మన గడ్డ మీద దొరికినదాని పేరు చెప్పమంటే తెల్లమొహం వేశాడు.

"మనకీ ఉందా?"

ఎందుకు లేదు నాయనా! గోదావరి లోయలో, పాత ఆదిలాబాదు జిల్లా యామన్‌పల్లి దగ్గర 1970ల చివర 840 ఎముకల భాగాలు బయటపడ్డాయి. సుమారు 18 కోట్ల ఏళ్ళ కిందటివి. ఆటలో తవ్వకానికి మనుషులను పంపితే నిమిషాల్లో తిరిగొస్తారు. ఇక్కడ నామకరణానికే దాదాపు పదేళ్ళు పట్టింది. 1988లో శాస్త్రజ్ఞులు యాదగిరిగారు దానికి కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. కోటా అన్నది ఆ రాతిపొరల పేరు. రెండో మాటలో ఉన్నది మన పల్లె! పొడుగుమెడ జంతువు, శుద్ధ శాకాహారి.

ఆ ఎముకలు కనీసం 12 జంతువులవి. వాటిలో పిల్లలవీ ఉన్నాయి. ఏటి వరదలో మందకు మంద కొట్టుకుపోయి ఉండవచ్చునంటారు. ఈ సంగతి చెబితే వాడు కాసేపు పలకలేదు. ఆటలో ఒకటి చస్తే మరొకటి పొదిగించుకుంటాడు. ఈ తల్లులకూ పిల్లలకూ ఆ వీలు లేకపోయె.

తల మాత్రం దొరకలేదు. రెండు పళ్ళు చిక్కాయి, అంతే.

దాని అస్థిపంజరం హైదరాబాదులో నౌబత్ పహాడ్ మీద, బిర్లా సైన్సు మ్యూజియంలో నిలబెట్టి ఉంది. సికింద్రాబాదు వాళ్ళం ట్యాంకుబండు దాటితే చాలు. ఆట మాన్పించమని నేననను. ఆ ఆటే లేకపోతే వాడు "మనకీ ఉందా?" అని అడిగేవాడే కాదు. కొత్త కట్ట కొనే ముందు ఒక్క ఆదివారం పిల్లలను అక్కడికి తీసుకువెళ్ళండి. తల సంగతి కూడా చెప్పండి. ఆటలో జంతువులు అన్ని అవయవాలతో తయారై వస్తాయి. ఇక్కడ వెతకవలసింది ఇంకా మిగిలే ఉంది. అది ఏ పిల్లవాడి చేతికి దొరకాలని రాసిపెట్టి ఉందో!