అద్దం ముందు ముద్దాయి ఎవరు?

ఆడపిల్లలు తమ రూపాన్ని తామే చిన్నబుచ్చుకోవటం మానసిక దౌర్బల్యమనీ, దానికి ఆత్మవిశ్వాసం గూర్చిన ఉపన్యాసాలే మందనీ మన విద్యాసంస్థలలో ఒక వాదం చెలామణీలో ఉన్నది. మన అభ్యుదయ మిత్రులలోనే మరొక వాదం ఉన్నది: ఇది తీరిక గల వర్గాల స్త్రీల సమస్య, భూమీ కూలీ సంగతి తేలిన తర్వాత చూసుకోవచ్చునని. పైకి విరుద్ధంగా కనబడినా ఈ రెండింటికీ పునాది ఒకటే. తాను అందంగా లేననే భావం ఆ పిల్ల మనస్సులోనే పుట్టిందని రెండూ నమ్ముతున్నవి. అది ఎక్కడ పుట్టిందో చూడకుండా తీర్పు చెప్పటం విమర్శ అనిపించుకోదు.

పశ్చిమ ప్రకాశమని మనం పిలుచుకొనే ప్రాంతాన్ని చూడండి. మార్కాపురం, కనిగిరి, పొదిలి, దర్శి చుట్టుపక్కల అనేక గ్రామాలలో భూగర్భజలంలో ఫ్లోరైడు ఎక్కువ. లీటరు నీటిలో అది 1 మిల్లీగ్రాము మించరాదనీ, వేరే నీటివసతి లేనిచోట 1.5 వరకు సహించవచ్చుననీ భారతీయ ప్రమాణం. అంతకు మించిన నీరు తాగిన బిడ్డకు, చిగురులోపల పన్ను రూపు దిద్దుకొనే వయసులోనే దాని పైపొర చెడుతుంది. ఆ పన్ను బయటికి వచ్చేసరికే సుద్దమచ్చలుంటాయి. క్రమంగా పసుపు, గోధుమరంగు చారలు తేలతాయి. ఏ పండ్లపొడీ వాటిని తోమి పోగొట్టలేదు.

ఇది నిన్న మొన్న బయటపడిన రహస్యం కాదు. 1937లోనే షార్ట్ మొదలైన వైద్యులు అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా గ్రామాలలో ఈ వ్యాధిని గుర్తించి ప్రకటించారు. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా కనిగిరి, పొదిలి, దర్శి ఆ నెల్లూరు జిల్లాలోనివే. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని నాగపూరులోని నీరీ శాస్త్రజ్ఞులు 1970 దశకంలోనే రూపొందించారు. దానికి నల్లగొండ పేరే పెట్టారు. కృష్ణాజలాలను నల్లమల కింది సొరంగాలగుండా తెచ్చే వెలిగొండ పథకానికి 1996లో శంకుస్థాపన జరిగింది. దానికి కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు పెట్టారు. 2024 మార్చిలో సొరంగాలకు ప్రారంభోత్సవం చేశారు; ముంపు గ్రామాలవారి పునరావాసం ఆనాటికీ తీరలేదు. పాలకులకు రోగం తెలుసు, కారణం తెలుసు, ఉపాయం తెలుసు. లోపం తనది కాదన్న సంగతి మాత్రం ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు.

నేను ప్రబంధాలు బోధిస్తాను. పలువరుసను మల్లెమొగ్గలతోనూ దానిమ్మగింజలతోనూ పోల్చే నాయికావర్ణనలు వచ్చినప్పుడు చున్నీలు నోళ్ళమీదికి పోవటం చూస్తుంటాను. “నేను నవ్వితే బాగుండను మేడం” అన్నది ఒక విద్యార్థిని. ఇందులో ఆత్మన్యూనత ఉన్నదనటం సులువు. కాని ఆ వాక్యం ఆమె రచన కాదు. దానిని ఆస్థానకవి మొదలుపెట్టాడు, పెళ్ళిచూపులకు వచ్చినవారు పొడిగించారు, వ్యాపారి అచ్చు వేశాడు.

పెళ్ళిచూపుల సంగతే తీసుకోండి. అదే బోరింగు నీరు తాగి పెరిగిన వరుడి పండ్లమీదా అవే చారలు. కాని పరీక్షించేది అతడు, పరీక్షకు కూర్చునేది ఆమె. అదే మచ్చ మగవాడి నోట ఊరి లక్షణమవుతుంది. ఆడదాని నోట సొంత లోపమై, కట్నం లెక్కలో మరొక అంకె అవుతుంది. నీటికి స్త్రీపురుష భేదం లేదు. మచ్చకు వెలకట్టే భూస్వామ్య కుటుంబానికి ఉన్నది.

వ్యాపారి ఈ వెలమీదనే దుకాణం తెరుస్తాడు. పలకల గనులలో, మిరప, పొగాకు చేలలో ఎండకు పనిచేసే తల్లుల కూతుళ్ళకు నలుపు నేరమని నేర్పి, ఆ నేరానికి జరిమానాగా క్రీములు అమ్ముతున్నారు. 1975 నుండి ఈ దేశంలో అమ్మిన ఫెయిర్ అండ్ లవ్లీ, విమర్శల ఒత్తిడికి 2020లో పేరులోని తెలుపును తీసేసి గ్లో అండ్ లవ్లీ అయింది. అద్దం ముందు నిలబడిన పిల్ల చేతిలో గొట్టం మాత్రం అలాగే ఉన్నది.

“నిన్ను నువ్వు ప్రేమించుకో” అనే ఉపదేశకులను నేనడుగుతున్నాను: ఆ ప్రేమ బోరునీటిలోని ఫ్లోరైడును తగ్గిస్తుందా? పెళ్ళిచూపులు మాన్పిస్తుందా? ఇక మన మిత్రులను అడుగుతున్నాను: ఇది తీరిక గల వర్గాల సమస్యే అయితే, శుద్ధినీరు కొనగలిగిన ఇంటిపిల్ల ఈ చారలనుండి తప్పించుకోవటమూ, బోరింగు కింద బిందె పెట్టే ఇంటిపిల్ల వాటిని మోయటమూ ఎందువల్ల? వర్గరేఖ ఇంతకంటె స్పష్టంగా ఎక్కడ కనబడుతుంది? శరీరమూ రాజకీయరంగమేనని 1993లో వెలువడిన నీలిమేఘాలు సంకలనంలోని కవయిత్రులు చాటి మూడు దశాబ్దాలు దాటింది. మనం ఆ పాఠాన్ని ప్రశ్నపత్రాలకు పరిమితం చేశాం.

ఈ సిగ్గు పాలకులకు చేసే సేవను గుర్తించాలి. ఫ్లోరైడు పండ్లతో ఆగదు. ఏళ్ళతరబడి తాగితే ఎముకలకు, కీళ్ళకు, వెన్నుకు పాకుతుంది. పన్ను తొలి సాక్ష్యం. ఆ సాక్ష్యాన్ని సాక్షే చేత్తో కప్పుకొనేటట్లు చేసిన తర్వాత పాలకులకు వేరే వకీలెందుకు?

ఆ పిల్లలు పండ్లు చూపుతూ ఊరేగాలని నేననటం లేదు. వ్యాజ్యం నడపవలసింది మనం. ప్రతి పాఠశాలలో, కళాశాలలో తాగునీటిని పరీక్ష చేయించి, ఫ్లోరైడు ఎంతున్నదో గోడమీద రాయించాలి. ఆ అంకెతో కలెక్టరు కార్యాలయానికి పోవాలి. మగ విద్యార్థులు పెళ్ళిచూపుల న్యాయపీఠం ఎక్కబోమని ఇంట్లో చెప్పాలి. తెలుగు ఉపాధ్యాయులు నాయికావర్ణన చెప్పిన గంటలోనే ఆ కొలబద్ద ఎవరిదో చెప్పాలి. అప్పుడు ఆ విద్యార్థిని “నేనెందుకిలా ఉన్నాను?” అనటం మాని, “మాకీ నీరెందుకు పోశారు?” అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసినవారు అద్దంలో లేరు.