స్మాషు చప్పుడును పాయింటు లెక్కయును

గత సంవత్సరము మా పాఠశాల వార్షికోత్సవమున ఉత్తమ వాలీబాల్ క్రీడాకారుని బహుమతి ఒక విద్యార్థికి లభించినది. అతడు మూడు పోటీలలో తన స్మాషులచే 25 పాయింట్లు తెచ్చెను. అతని తరువాతి వాడు 17 పాయింట్లు తెచ్చెను. ఇరువదియైదు పదునేడుకంటె పెద్దది. కావున తీర్పు న్యాయమైనదని ఎల్లరును తలచిరి. చప్పట్లు చరచినవారిలో మేమును ఉంటిమి. పిమ్మట స్కోరు పుస్తకమును తీరికగా విప్పి చూచినపుడు మా చప్పట్లు మాకే వింతగా తోచినవి. ఈ సంవత్సరపు బహుమతి నిర్ణయమునకు ముందే ఆ సంగతి చదువరులకు విన్నవింపదలచితిమి.

ముందు ఆ పుస్తకమును గూర్చి కొంత చెప్పవలెను. దానిని మొదలుపెట్టినది బాలికల జట్టు నాయకురాలు. ప్రతి స్మాషునకును ఒక గుర్తు. కొట్టిన బంతి ఎదుటి కోర్టులో పడి గాని, ఎదుటివారి చేతులకు తగిలి బయటికి పోయి గాని మనకు పాయింటు వచ్చినచో ‘గె’. బంతి నెట్టుకు తగిలి మనవైపే పడినను, గీత దాటి పోయినను, ఎదుటివారి బ్లాకునకు తగిలి మన నేలమీదనే పడినను ‘త’. ఎదుటివారు దానిని లేపి ఆట సాగించినచో ఒక చుక్క. ‘గె’ అనగా గెలుపు, ‘త’ అనగా తప్పు. మా హోసూరు ప్రాంతపు మైదానములలో తెలుగు, కన్నడము, తమిళము మూడును వినబడుచుండును. కన్నడమువారికిని తప్పు తప్పే. తమిళులకు అది తవఱు. కావున ‘త’ అను అక్షరము మూడు భాషలవారికిని చెల్లినది. ‘గె’ మాత్రము తమిళ మిత్రులకు వివరింపవలసి వచ్చెను.

ఇక లెక్కకు వత్తము. బహుమతి పొందినవాడు కొట్టిన స్మాషులు మొత్తము 62. అందు గెలుపులు 25, తప్పులు 19. రెండవవాడు కొట్టినవి 40. గెలుపులు 17, తప్పులు 5. గెలుపులను మాత్రమే మొత్తముచే భాగించినచో మొదటివానికి నూటికి 40, రెండవవానికి నూటికి 42 పైచిలుకు వచ్చును. ఇద్దరును ఇంచుమించు సమానులే యనిపించును. కాని వాలీబాల్ ఆటను శ్రద్ధగా లెక్కించువారు ఇంతటితో ఆగరు. గెలుపులలోనుండి తప్పులను తీసివేసి, మిగిలినదానిని మొత్తము ప్రయత్నములచే భాగింతురు. దీనినే దాడి సామర్థ్యము అందురు. కొట్టిన ప్రతి బంతియు పాయింటైనచో ఫలితము 1. ప్రతి బంతియు తప్పైనచో ఋణ 1. అమెరికా కళాశాలల పోటీలలో దీనిని మూడు దశాంశ స్థానముల వరకు వ్రాయుదురు, 0.300 వచ్చినవానిని మంచి స్మాషరుగా ఎంచుదురు. ఈ విధముగా లెక్కించినచో మా మొదటివానికి 62కు 6, అనగా 0.097. రెండవవానికి 40కి 12, అనగా సరిగా 0.300.

మూడింతలకు మించిన ఈ భేదము గెలుపుల పట్టికలో ఎక్కడను కనబడలేదు. మేము చేసిన పని కళ్ళములో రాగులను తూర్పారబట్టకయే కొలిచినట్లున్నది. రాశి పెద్దదే, కాని అందు పొల్లు ఎంతయో ఎవరును అడుగలేదు.

“ఒక స్మాషు పోయిన ఏమాయెను? కొట్టనిమ్ము!” అని కోర్టు ఒడ్డున నిలిచి ప్రోత్సహించు పెద్దలు మా ఊరిలో కలరు. వారి మాట వట్టి మొండితనము కాదు. దానికి చరిత్ర కలదు. 1895లో మసాచుసెట్స్ రాష్ట్రములోని హోలియోక్ పట్టణమున విలియం మోర్గన్ అను వ్యాయామోపాధ్యాయుడు ఈ ఆటను కల్పించెను. తరువాత చిరకాలము సర్వీసు చేయు జట్టునకు మాత్రమే పాయింటు దక్కు పద్ధతి నడచినది. ఎదుటివారి సర్వీసును అందుకొని మనవాడు స్మాషు కొట్టి పాయింటు సాధించినచో మనకు దక్కునది సర్వీసు మాత్రమే. మన సర్వీసులో సాగిన ఆటయందు మనవాడు బంతిని బయటికి కొట్టినచో పోవునదియు సర్వీసే, పాయింటు కాదు. మన దేశపు జట్టు 1962లో జకార్తా ఆసియా క్రీడలలో రజత పతకమును, 1986లో సియోలులో కాంస్య పతకమును గెలిచిన కాలమంతయు ఆ పద్ధతియే. ఆ ఆటను ఆడి పెరిగినవారికి తప్పు చౌకగా తోచుట సహజము. 1999 నుండి అన్ని సెట్లలోను ప్రతి ర్యాలీకిని ఒక పాయింటు ఎవరికో ఒకరికి పోవుచున్నది. నేడు మన తప్పు ఎదుటివారి పలకపై అప్పుడే ఎక్కును. ఒక గెలుపు విలువ ఎంతయో ఒక తప్పు విలువయు అంతే. అందుచేతనే ఒకదానిలోనుండి ఒకటి తీసివేయుట సమంజసమైనది. ఆట మారినది; ఒడ్డున నిలిచిన మా చూపు మారలేదు.

ఇంతవరకు వ్రాసి, బహుమతి రెండవవానికే దక్కవలసినదని తీర్మానించి కలము మూయదలచితిమి. బాలికల జట్టు నాయకురాలు ఒప్పుకొనలేదు. “ఆ అరువదిరెండు బంతులు అతనికి ఎట్టివి వచ్చెనో చూచితిరా?” అని అడిగెను. చూడలేదు. పుస్తకమున ఆ సంగతియు ఉన్నది. మొదటి పాసు సెట్టరు చేతికి చక్కగా చేరినదా, లేక ఎక్కడనో లేచిన బంతిని సెట్టరు పరుగెత్తి ఎట్లో ఎత్తి ఇచ్చెనా అనుదానికి పక్కగడిలో గుర్తు కలదు. ఆ గుర్తుల ప్రకారము లెక్కను రెండుగా చీల్చితిమి.

మంచి బంతులు మొదటివానికి 28 వచ్చినవి. గెలుపులు 15, తప్పులు 5, సామర్థ్యము 0.357. రెండవవానికి మంచి బంతులు 34, గెలుపులు 16, తప్పులు 3, సామర్థ్యము 0.382. భేదము అత్యల్పము! చెడ్డ బంతులు రెండవవానికి ఆరు మాత్రమే వచ్చినవి; మొదటివానికి ముప్పదినాలుగు. ఆ ముప్పదినాలుగింటిలో అతడు 10 గెలిచి 14 పోగొట్టెను. అతని లెక్కను క్రుంగదీసినవి ఇవియే.

అట్లగుటకు కారణము మైదానమును ఎరిగినవారికి తెలియును. రెండవవాడు నడిమి ఆటగాడు. పాసు చక్కగా వచ్చినప్పుడే సెట్టరు అతనికి పొట్టి బంతి ఇచ్చును. పాసు చెడినప్పుడు వేరు దారి లేక ఎడమ కొసకు ఎత్తుగా బంతిని వేయును. అక్కడ నిలిచినవాడు మొదటివాడు. బంతి గాలిలో తేలి వచ్చులోపల ఎదుటివారు ఇద్దరు బ్లాకునకు సిద్ధమై నిలుతురు. ఆ బంతిని అతడు కొట్టకున్నచో మరి యెవరు కొట్టుదురు? ఊరక అవతలికి నెట్టినచో తప్పు పడదు గాని, ఎదుటివారికి మంచి పాసు మనమే చేతికందించినట్లగును. ఆ నష్టము మన పుస్తకములో ఎవరి పద్దున ఎక్కును? ఎవరి పద్దునను ఎక్కదు.

కావున మా మొదటి చప్పట్లు ఎంత తొందరపాటో, మా రెండవ తీర్పును అంత తొందరపాటే. గెలుపులను మాత్రమే లెక్కించుట తప్పని మేము ఇప్పటికిని దృఢముగా అనుచున్నాము. బహుమతిని ఆ పద్ధతిన ఇచ్చుట మానవలెను. దాడి సామర్థ్యమును లెక్కింపవలెను. కాని మంచి బంతులకును చెడ్డ బంతులకును వేరువేరుగా లెక్కింపవలెను. ఒక పోటీలో మూడు బంతులు కొట్టి మూడింటను గెలిచినవానికి 1.000 వచ్చును, అంతమాత్రమున అతనిని అందలమెక్కింపరాదు. ప్రయత్నములు నలుబదికి తక్కువైనచో మేము ఎవరి లెక్కను పలకపై వ్రాయము. నలుబది కూడ చాలదని లెక్కల మాస్టరుగారు అనిరి. మాకు అంతకుమించి పోటీలు దొరకుట దుర్లభము.

బహుమతికంటె పెద్ద సంగతి మరియొకటి ఆ గడులలో ఉన్నది. ఒక్క ఆటగానికి వచ్చిన 62 బంతులలో 34 చెడ్డవగుట అతని లోపము కాదు. వెనుక వరుసలో సర్వీసును అందుకొను మా అందరి లోపము. పోటీ ఓడిన ప్రతి సాయంకాలమును మేము అతని తప్పులనే లెక్కపెట్టుచు ఇంటికి నడచితిమి. మరునాడు అభ్యాసమున ఏమి చేసితిమి? నెట్టు వద్ద వరుసగా నిలిచి ఒకరి తరువాత ఒకరము స్మాషులు కొట్టితిమి. అందు చప్పుడు కలదు, సంతోషము కలదు. పాసు నేర్చుటలో మోచేతులు కందుట తప్ప చూచువారికి వేడుక ఏమియు లేదు. డ్రిల్లు మాస్టరుగారికి మా మనవి ఇది: అభ్యాసకాలములో సగమైనను సర్వీసును అందుకొనుటకు కేటాయింపవలెను. ఎడమ కొసన ఆడువారికి చెడ్డ బంతిని బలముకొద్ది కొట్టక, బ్లాకు చేయువారి వ్రేళ్ళ అంచులకు తగిలించుటయు, వెనుక మూలకు వేయుటయు నేర్పవలెను.

బహుమతి పొందిన విద్యార్థికి ఈ లెక్కలు అచ్చునకు ముందే చూపితిమి. అతనికి కోపము రాలేదు. 14 అను అంకెను చాలసేపు చూచి, ఆ పదునాలుగింటిలో బ్లాకునకు తగిలినవి ఎన్ని, బయటికి పోయినవి ఎన్ని అని అడిగెను. మా వద్ద సమాధానము లేదు. రెండింటికిని ఒకే ‘త’ వేసియుంటిమి. ఈ సంవత్సరము బ్లాకునకు ‘బ్లా’ అని వేరు గుర్తు పెట్టితిమి. గడులు ఎక్కువైనందున ఒక్కరు వ్రాయజాలకున్నారు. తొమ్మిదవ తరగతివారిలో ఓపికగల ఇద్దరు సాయంకాలము నాలుగున్నరకు పెన్సిలుతో కోర్టు వద్దకు రావలెనని కోరుచున్నాము.